పదవిని బట్టి ఓటు: స్థానిక సంస్థల ఎమ్మెల్సీ ఎన్నికల్లో ఓటర్ల జాబితా

శాసనసభ ఎన్నికల ఓటర్ల జాబితాలో ఒక పేరు చేరాలంటే ఆ మనిషికి 18 ఏళ్లు నిండాలి, ఆ నియోజకవర్గంలో నివాసం ఉండాలి. అంతకు మించి అతని హోదాతో గానీ చదువుతో గానీ చట్టానికి పని లేదు. శాసన మండలిలో స్థానిక సంస్థల కోటా స్థానాలకు జరిగే ఎన్నికల్లో వాడే జాబితా పూర్తిగా వేరే సూత్రం మీద నడుస్తుంది. అక్కడ ఓటు మనిషి కూర్చున్న కుర్చీకి ఉంటుంది. ఎంపీటీసీగా, జడ్పీటీసీగా, కౌన్సిలర్‌గా లేదా కార్పొరేటర్‌గా ఉన్నంత కాలం ఆ వ్యక్తి ఓటరు; పదవి పోయిన నాడు, వయసూ నివాసమూ ఏమీ మారకపోయినా, ఓటూ పోతుంది. ఈ చిన్న తేడా నుంచి పుట్టే పర్యవసానాలు చాలా దూరం పోతాయి గనుక, ‘పెద్దల సభ’కు జరిగే ఈ ఎన్నికలను అర్థం చేసుకోవడానికి అభ్యర్థుల కంటే ముందు జాబితాను చూడడమే సరైన దారి.

రాజ్యాంగం 171వ అధికరణం ప్రకారం శాసన మండలి సభ్యుల్లో దాదాపు మూడో వంతును స్థానిక సంస్థల సభ్యులు, మరో మూడో వంతును శాసనసభ్యులు, పన్నెండో వంతు చొప్పున పట్టభద్రులు, ఉపాధ్యాయులు ఎన్నుకుంటారు. మిగిలిన వారిని గవర్నరు నామినేట్ చేస్తారు. ఆంధ్రప్రదేశ్ మండలిలోని 58 స్థానాల్లో 20, తెలంగాణ మండలిలోని 40 స్థానాల్లో 14 స్థానిక సంస్థల కోటా కిందికి వస్తాయి. 1958లో ఏర్పడి, 1985లో రద్దయి, 2007లో తిరిగి కొలువుదీరి, 2014లో రాష్ట్రంతో పాటు రెండుగా చీలిన ఈ మండలి చరిత్ర తెలుగు పాఠకులకు కొత్త కాదు. అయితే దాని ఉనికి మీద జరిగినంత చర్చ దాని ఓటర్ల మీద ఎన్నడూ జరగలేదు.

జాబితా తయారీ విధానం 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 27వ సెక్షన్‌లో ఉంది. స్థానిక సంస్థల నియోజకవర్గం పరిధిలో పనిచేసే నిర్ణీత సంస్థల్లోని ప్రతి సభ్యుడికీ ఆ నియోజకవర్గపు జాబితాలో నమోదయ్యే హక్కు ఉందని ఆ సెక్షన్ చెబుతుంది. ఇంటింటికీ తిరిగి వివరాలు రాసుకునే పని ఇక్కడ లేదు. ప్రతి స్థానిక సంస్థ ముఖ్య కార్యనిర్వహణాధికారి, అంటే పురపాలికలో కమిషనరు, మండల పరిషత్తులో ఎంపీడీవో, జిల్లా పరిషత్తులో సీఈవో, తమ సంస్థ సభ్యత్వంలో జరిగిన ప్రతి మార్పునూ వెంటనే ఓటర్ల నమోదు అధికారికి తెలియజేయాలి. ఆయన పదవి కోల్పోయిన వారి పేరు కొట్టివేసి, కొత్తగా సభ్యులైన వారి పేరు చేర్చి, జాబితాను ఎప్పటికప్పుడు సరిచేసి తన కార్యాలయంలో ఉంచాలి. ఒక ఎంపీటీసీ మరణించినా, ఒక కౌన్సిలరు రాజీనామా చేసినా, ఉప ఎన్నికలో కొత్త వారు గెలిచినా ఆ కబురు ఈ దారిలోనే జాబితాకు చేరుతుంది. పట్టభద్రుల జాబితాతో పోల్చి చూస్తే తేడా స్పష్టమవుతుంది: అక్కడ నవంబరు 1ని అర్హత తేదీగా పెట్టుకుని, అప్పటికి డిగ్రీ పొంది మూడేళ్లు నిండిన వారు దరఖాస్తు పెట్టుకుంటేనే పేరు ఎక్కుతుంది. స్థానిక సంస్థల జాబితాకు అర్హత తేదీ అంటూ లేదు. పదవి చేపట్టడమే అర్హత.

అయితే ఈ సవరణలకు ఒక హద్దు ఉంది. మామూలు ఓటర్ల జాబితాకు వర్తించే నియమమే దీనికీ వర్తిస్తుంది గనుక, నామినేషన్ల దాఖలుకు చివరి తేదీ దాటాక ఎన్నిక ముగిసే దాకా పేర్లు చేర్చడం, తీయడం కుదరదు. ఒకే నియోజకవర్గపు జాబితాలో ఒకే వ్యక్తి పేరు రెండుసార్లు ఉండరాదన్న నియమం కూడా ఉంది. కానీ వేర్వేరు కోటాల జాబితాల్లో ఒకే వ్యక్తి ఉండడాన్ని చట్టం అడ్డుకోదు. డిగ్రీ ఉన్న కౌన్సిలరు స్థానిక సంస్థల ఎన్నికలో ఒకసారి, పట్టభద్రుల ఎన్నికలో మరొకసారి ఓటు వేయవచ్చు. ఏ పదవీ లేని, డిగ్రీ చదవని రైతుకు మాత్రం మండలి ఎన్నికల్లో ఒక్క ఓటు కూడా లేదు. ఓటరుకు పదవి ఉండాలన్న నియమం అభ్యర్థికి మాత్రం లేదు. రాష్ట్రంలో ఏదో ఒక శాసనసభ నియోజకవర్గంలో ఓటరై, 30 ఏళ్లు నిండిన వారెవరైనా స్థానిక సంస్థల స్థానానికి పోటీ చేయవచ్చు. వారు ఎన్నడూ ఏ మండల పరిషత్తులోనూ కూర్చుని ఉండనక్కర లేదు.

ఏ సంస్థల సభ్యులు ఓటర్లవుతారన్నది అదే చట్టంలోని నాలుగో షెడ్యూలు నిర్ణయిస్తుంది. రాజ్యాంగం పురపాలికలు, జిల్లా బోర్డులు అని పేర్కొని, మిగతా సంస్థలను ఎంచే అధికారం పార్లమెంటుకు వదిలింది. జిల్లా బోర్డులు ఏనాడో కనుమరుగైనా ఆ మాట మాత్రం రాజ్యాంగంలో అలాగే ఉండిపోయింది. తెలుగు రాష్ట్రాలకు సంబంధించి షెడ్యూలులో నగర పాలక సంస్థలు, పురపాలక సంఘాలు, నగర పంచాయతీలు, కంటోన్మెంటు బోర్డులు, జిల్లా ప్రజా పరిషత్తులు, మండల ప్రజా పరిషత్తులు ఉన్నాయి. గ్రామ పంచాయతీ లేదు. ఊరందరి ఓటుతో నేరుగా గెలిచిన సర్పంచికీ, వార్డు సభ్యుడికీ అందువల్ల ఈ ఎన్నికల్లో ఓటు లేదు. అదే ఊరి నుంచి గెలిచిన ఎంపీటీసీకి ఉంది. మండల పరిషత్తు సమావేశాలకు సర్పంచి శాశ్వత ఆహ్వానితుడే గానీ సభ్యుడు కాడు కాబట్టి, ఆ దారిలో కూడా జాబితాలోకి రాలేడు.

పక్కనే ఉన్న కర్ణాటకలో పరిస్థితి ఇందుకు భిన్నం. అక్కడి షెడ్యూలులో గ్రామ పంచాయతీలూ ఉన్నాయి గనుక వార్డు స్థాయి పంచాయతీ సభ్యులందరూ ఓటర్లే, 2021 డిసెంబరులో 25 స్థానాలకు జరిగిన ఎన్నికల్లో ఓటర్ల సంఖ్య దాదాపు లక్షకు చేరింది. తెలంగాణలో పాత మహబూబ్‌నగర్ జిల్లా మొత్తానికి ఉన్న జాబితా 2024లో 1,439 పేర్లు. ఒకే రాజ్యాంగ అధికరణం కింద, ఒకే రకం స్థానానికి, సరిహద్దు గీతకు ఇటు ఒక లెక్క, అటు ఒక లెక్క. షెడ్యూలు చేర్పుల వెనుక ఉన్న తర్కాన్ని చట్టం ఎక్కడా వివరించదు. గ్రామ పంచాయతీని స్థానిక స్వపరిపాలనకు పునాదిగా గుర్తించిన 73వ రాజ్యాంగ సవరణ వచ్చి మూడు దశాబ్దాలు దాటాక కూడా సర్పంచి ఈ జాబితాకు బయటే ఉండడం సమర్థించడానికి కష్టమైన విషయమే.

సర్పంచి లేని జాబితాలో శాసనసభ్యుడు ఉంటాడు. పురపాలక, పంచాయతీరాజ్ చట్టాలు ఆయా ప్రాంతాల శాసనసభ్యులను, పార్లమెంటు సభ్యులను, మండలి సభ్యులను పదవి రీత్యా సభ్యులుగా, అంటే విడిగా ఎన్నిక లేకుండా తమ హోదా వల్ల సభ్యులయ్యే ఎక్స్ అఫిషియో సభ్యులుగా, స్థానిక సంస్థల్లో చేర్చాయి. ప్రజాప్రాతినిధ్య చట్టం ‘ప్రతి సభ్యుడూ’ అన్నది గనుక వీరూ జాబితాకెక్కుతారు. 2025 ఏప్రిల్ 23న పోలింగ్ జరిగిన హైదరాబాద్ స్థానిక సంస్థల నియోజకవర్గం ఇందుకు మంచి ఉదాహరణ. అక్కడ ఓటర్లు మొత్తం 112 మంది: 81 మంది కార్పొరేటర్లు, 31 మంది ఎక్స్ అఫిషియో సభ్యులు. గ్రేటర్ హైదరాబాద్‌లో అప్పటికి 150 వార్డులుండగా జాబితాలో 81 మందే కనిపించడానికి కారణం, మిగతా వార్డులు హైదరాబాద్ జిల్లా హద్దుకు వెలుపల ఉండడం. ఆ రోజు పోలైన 88 ఓట్లలో మజ్లిస్ అభ్యర్థికి 63, భారతీయ జనతా పార్టీ అభ్యర్థికి 25 వచ్చాయి. స్థానిక సంస్థల ప్రతినిధిని ఎన్నుకునే జాబితాలో నాలుగో వంతుకు పైగా పేర్లు చట్టసభల సభ్యులవే కావడం, వారిలో శాసనసభ్యులకు ఎమ్మెల్యే కోటా ఎన్నికల్లో వేరే ఓటు కూడా ఉండడం చూస్తే, రాజ్యాంగం విడివిడిగా పెట్టిన రెండు కోటాలు ఆచరణలో ఒకదానిలోకి ఒకటి చొరబడ్డాయని అనిపించక మానదు.

‘ప్రతి సభ్యుడూ’ అన్న మాట తెచ్చిన చిక్కు మరొకటి ఉంది. పురపాలికల్లో ప్రత్యేక పరిజ్ఞానం ఉన్నవారిని ప్రభుత్వం నామినేట్ చేయవచ్చని, అయితే వారికి పురపాలక సమావేశాల్లో ఓటు ఉండదని రాజ్యాంగం 243ఆర్ అధికరణం చెబుతోంది. సొంత సభలోనే చేయి ఎత్తడానికి హక్కు లేని సభ్యుడికి ఎగువ సభ ఎన్నికలో బ్యాలెట్ ఇవ్వవచ్చా? 2021లో కర్ణాటకలోని చిక్కమగళూరు స్థానిక సంస్థల నియోజకవర్గంలో గెలుపు కేవలం 6 ఓట్ల తేడాతో తేలినప్పుడు, పట్టణ పంచాయతీల నామినేటెడ్ సభ్యుల ఓట్లు చెల్లుతాయా లేదా అన్న వివాదం కోర్టుకెక్కింది. లక్షల మంది ఓటర్లున్న నియోజకవర్గంలో పదీ పన్నెండు పేర్ల తప్పొప్పులు ఫలితాన్ని కదిలించవు. చిన్న జాబితాలో ఒక్కొక్క పేరూ ఒక వ్యాజ్యానికి సరిపడా బరువు మోస్తుంది.

ఓట్ల విలువలోనూ సమానత్వం పైకి కనిపించేంత సూటిగా లేదు. పంచాయతీరాజ్ చట్టం ప్రకారం ఎంపీటీసీ స్థానాలను మూడు, నాలుగు వేల జనాభాకు ఒకటి చొప్పున విభజిస్తారు. వార్డులు 150గా ఉన్నప్పటి హైదరాబాద్‌లో 2011 జనాభా లెక్కల ప్రకారం ఒక్కో కార్పొరేటరు సగటున 40 వేల మందికి పైగా జనానికి ప్రతినిధిగా ఉండేవారు. మండలి ఎన్నికల పెట్టె దగ్గర ఇద్దరిదీ ఒక్కొక్క ఓటే. దాని ఫలితంగా పల్లెలూ పట్టణాలూ కలిసిన పాత జిల్లా నియోజకవర్గాల్లో జాబితా సహజంగానే పల్లె వైపు మొగ్గుతుంది, అందులో ఎంపీటీసీలదే పెద్ద వాటా అవుతుంది. ఇది పట్టణాలకు జరిగిన అన్యాయమా, లేక పల్లెకు దక్కిన రక్షణా అన్నది చూసేవారి కోణాన్ని బట్టి ఉంటుంది. పల్లె ఓటును లెక్కించేటప్పుడు సర్పంచిని పక్కన పెట్టారన్నది కూడా గుర్తుంచుకోవాలి.

ఈ సమస్యను ఫ్రాన్స్ మరో పద్ధతిలో ఎదుర్కొంది. అక్కడి ఎగువ సభ సెనేట్‌లోని 348 మంది సభ్యులను దాదాపు 1,62,000 మంది ‘పెద్ద ఓటర్లు’ ఎన్నుకుంటారు. వారిలో 95 శాతం మంది పురపాలక మండలుల ప్రతినిధులే. అతి చిన్న గ్రామ పురపాలికకు ఒక ప్రతినిధి మాత్రమే ఉంటాడు, జనాభా 9,000 దాటిన చోట్ల కౌన్సిలర్లందరూ ఓటర్లవుతారు, 30,000 దాటిన నగరాల్లో ఆపై ప్రతి 800 మందికీ ఒక అదనపు ప్రతినిధిని కౌన్సిలు ఎన్నుకుంటుంది. అంటే జాబితా రెండు మెట్లలో తయారవుతుంది: ముందు కౌన్సిలు తన ప్రతినిధులను, వారు రాలేకపోతే బదులుగా వెళ్లేవారిని ఎన్నుకుంటుంది, ఆ పేర్లతో జిల్లా స్థాయి అధికారి పట్టిక సిద్ధం చేస్తాడు. ఓటు వేయడం తప్పనిసరి. కారణం లేకుండా మానేస్తే జరిమానా. ఇంత చేసినా ఫ్రాన్స్ సెనేట్ చిన్న ఊళ్ల సభే అన్న పేరు పోలేదు. జనాభాకు తగ్గట్టు ఓటర్లను పెంచే ఏర్పాటు మాత్రం భారత రాజ్యాంగం ఆలోచించనిది.

జాబితా ఆచరణలో ఎలా పనిచేస్తుందో చూడడానికి 2024 నాటి మహబూబ్‌నగర్ ఉప ఎన్నికను దగ్గరగా పరిశీలించవచ్చు. కసిరెడ్డి నారాయణరెడ్డి కల్వకుర్తి నుంచి శాసనసభకు ఎన్నికై మండలి సభ్యత్వం వదులుకోవడంతో ఏర్పడిన ఆ ఖాళీకి మార్చి 28న పోలింగ్ జరిగింది. తెలంగాణలో జిల్లాలు 33 అయినా స్థానిక సంస్థల నియోజకవర్గాలు ఇప్పటికీ పాత పది జిల్లాల హద్దుల మీదే నడుస్తున్నాయి కాబట్టి, జాబితా నాగర్‌కర్నూలు, వనపర్తి, జోగులాంబ గద్వాల, నారాయణపేట జిల్లాలకు కూడా పరుచుకుంది. ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి కొడంగల్ శాసనసభ్యుడిగా ఎక్స్ అఫిషియో హోదాలో కొడంగల్‌లో ఓటు వేశారు. కొడంగల్ ఇప్పుడు వికారాబాద్ జిల్లాలో ఉన్నా, ఈ జాబితా దృష్టిలో అది మహబూబ్‌నగరే.

1,439 మందిలో 1,437 మంది ఓటు వేశారు. ఇద్దరు తప్ప ఊరూవాడా అందరూ వచ్చిన ఈ హాజరు ఏ శాసనసభ ఎన్నికలోనూ కనిపించదు, అయితే దీన్ని కేవలం పౌర చైతన్యంగా చదవడం అమాయకత్వమే అవుతుంది. జాబితాలోని ప్రతి పేరూ పార్టీల నాయకులకు ముఖపరిచయమే; ఎవరు ఎటు ఉన్నారో రాసుకున్న మరో జాబితా ప్రతి పార్టీ దగ్గరా ఉంటుంది; ఓటింగ్ రహస్యం గనుక, పార్టీ విప్ ఇక్కడ పనిచేయదు గనుక, ఎంపీటీసీలనూ కౌన్సిలర్లనూ బస్సుల్లో దూర ప్రాంతాలకు తరలించి పోలింగ్ నాటికి తీసుకొచ్చే క్యాంపు రాజకీయాలు ఈ ఎన్నికలకు ఇంటిపేరుగా మారాయి.

ఓటు వేసే పద్ధతి కూడా ప్రత్యేకమే. ఎన్నికల సిబ్బంది ఇచ్చిన ఊదా రంగు స్కెచ్ పెన్నుతో అభ్యర్థుల పేర్ల ఎదుట 1, 2, 3 అని అంకెల్లో ప్రాధాన్యం రాయాలి. టిక్కు పెట్టినా, అక్షరాల్లో ‘ఒకటి’ అని రాసినా ఓటు చెల్లదు. మహబూబ్‌నగర్‌లో చెల్లని ఓట్లు 21 వచ్చాయి. అందరూ ప్రజాప్రతినిధులే అయిన చోట ఆ సంఖ్య చిన్నదేమీ కాదు. చెల్లిన 1,416 ఓట్లను రెండుతో భాగించి ఒకటి కలిపితే 709; అదే గెలుపు కోటా. లోక్‌సభ ఎన్నికల కారణంగా వాయిదా పడి జూన్ 2న జరిగిన లెక్కింపులో భారత రాష్ట్ర సమితి అభ్యర్థి నవీన్‌కుమార్ రెడ్డికి మొదటి ప్రాధాన్యంలోనే 762, కాంగ్రెస్ అభ్యర్థి మన్నె జీవన్‌రెడ్డికి 653 ఓట్లు వచ్చాయి. రాష్ట్రంలో అప్పటికే ప్రభుత్వం మారింది, జాబితా మాత్రం 2019, 2020 నాటి స్థానిక ఎన్నికల ఫలితాలను మోస్తూ ఉంది. మండలి సభ్యుడి గెలుపోటములు పోలింగ్ నాటి ప్రజాభిప్రాయం కంటే నాలుగైదేళ్ల కిందటి ప్రజాభిప్రాయానికే ఎక్కువగా కట్టుబడి ఉంటాయని ఈ ఫలితం చూపింది.

పదవికే ఓటు అయినప్పుడు, పదవులన్నీ ఒకేసారి ముగిసిపోతే ఏమవుతుంది? జాబితా ఖాళీ అవుతుంది. స్థానిక సంస్థల కాలపరిమితి ఐదేళ్లు, మండలి సభ్యుడిది ఆరేళ్లు. మండలిలో రెండేళ్లకోసారి మూడో వంతు సభ్యులు విరమిస్తారు. ఈ రెండు చక్రాలు కలిసి తిరగాలన్న నియమం ఎక్కడా లేదు. పైగా మండలి ఎన్నికలను నిర్వహించేది భారత ఎన్నికల సంఘం, ఆ ఓటర్లను సృష్టించే స్థానిక ఎన్నికలను నిర్వహించేది రాష్ట్ర ఎన్నికల సంఘం. రిజర్వేషన్ల ఖరారు, వార్డుల విభజన, కోర్టు కేసులు వంటి వాటితో స్థానిక ఎన్నికలు ఆగిపోతే, కేంద్ర ఎన్నికల సంఘం చేతిలో జాబితా ఉండదు. అందుకే ఆ సంఘం ఒక కొలత పెట్టుకుంది: నియోజకవర్గంలోని స్థానిక సంస్థల్లో కనీసం 75 శాతం పనిచేస్తూ ఉండాలి, మొత్తం ఓటర్లలో కనీసం 75 శాతం మంది అందుబాటులో ఉండాలి. ఈ రెండూ నెరవేరితేనే ఎన్నిక. లేకుంటే స్థానం ఖాళీగానే ఉంటుంది.

ఆంధ్రప్రదేశ్ అనుభవం దీనికి నిదర్శనం. అక్కడ 2019లో మండల, జిల్లా పరిషత్తుల, పురపాలికల గడువు ముగిశాక, 2020 మార్చిలో మొదలైన ఎన్నికల ప్రక్రియ కొవిడ్ కారణంగా నిలిచిపోయింది. పురపాలక ఎన్నికలు 2021 మార్చిలో జరిగాయి. ఏప్రిల్‌లో పోలింగ్ జరిగిన పరిషత్ ఎన్నికల ఓట్లను కోర్టు వివాదాల తర్వాత సెప్టెంబరులో గానీ లెక్కించలేదు. కొత్త పాలకవర్గాలు కొలువుదీరాకే, ఆ ఏడాది నవంబరులో 11 స్థానిక సంస్థల స్థానాలకు నోటిఫికేషన్ వచ్చింది. ఆ 11 స్థానాలూ పోలింగ్ లేకుండా అప్పటి అధికార పార్టీకి ఏకగ్రీవంగా దక్కాయి. జాబితాలో ఎవరున్నారో అందరికీ తెలిసిన చోట, గెలవలేమని తేలిన పక్షం నామినేషన్ వేసే శ్రమ కూడా తీసుకోదు.

తెలంగాణలో 2024 జూలైలో మండల, జిల్లా పరిషత్తుల గడువు, 2025 జనవరిలో చాలా పురపాలికల గడువు ముగిసి ప్రత్యేకాధికారుల పాలన వచ్చింది. అధికారి సంస్థను నడపగలడు గానీ సభ్యుడు కాడు, కాబట్టి ఓటరూ కాడు. 2025 డిసెంబరులో మూడు విడతలుగా గ్రామ పంచాయతీ ఎన్నికలు జరిగి 12 వేలకు పైగా ఊళ్లకు సర్పంచులు వచ్చారు. మండలి జాబితాకు వారి వల్ల ఒక్క పేరు కూడా చేరలేదు. 2021 చివర్లో ఎన్నిక జరిగిన 12 స్థానాల గడువు 2028 జనవరి దాకా ఉంది. తమను ఎన్నుకున్న ఎంపీటీసీలు, కౌన్సిలర్లు మాజీలైపోయినా ఆ స్థానాల సభ్యులు అప్పటి దాకా మండలిలో కొనసాగుతారు. ఈలోగా రాజీనామా వల్లనో మరణం వల్లనో వారిలో ఒకరి స్థానం ఖాళీ అయితే, ఉప ఎన్నిక జరగాలా వద్దా అన్నది ఆ పాత జిల్లాలో ఎన్ని పరిషత్తులకు, ఎన్ని పురపాలికలకు ఆనాటికి ఎన్నికైన సభ్యులున్నారన్న లెక్క మీదే తేలుతుంది.